పిలుపు దూరంలో ఇల్లు

వైస్ ఛాన్సలర్ గారు ఒక సదస్సుకు వెళ్ళొచ్చారు. దాంతో రత్నమాలకు ఇల్లు లేకుండా పోయింది. ఈ రెంటికీ సంబంధమేమిటో ఆమెకు చాలా రోజులు అంతుపట్టలేదు గానీ, సంబంధం మాత్రం సూటిగానే ఉంది.

ఆ సదస్సులో భోజనాల తర్వాత ఒక పెద్దాయన లేచాడు. పూర్వం గురుకులాల్లో గురువు పిలిస్తే పలికేంత దూరంలోనే శిష్యుడు కాపురముండేవాడనీ, ఈ కాలంలో చదువులు చట్టుబండలు కావడానికి శిష్యులు బస్సు దిగి రావడమే మూలకారణమనీ సెలవిచ్చాడు. భోజనాల తర్వాతి ఉపన్యాసం కాబట్టి సభలో ఎక్కువమంది కునుకు తీస్తున్నారు. మన వైస్ ఛాన్సలర్ గారికి ఆ రోజు కడుపులో బాగోలేక భోజనం మానేశారు. అందుచేత మేలుకుని ఉన్నారు. మేలుకుని ఉండడం చేత విన్నారు.

తిరిగొచ్చిన మర్నాడే కమిటీ వేశారు. పిలుపు ఎంత దూరం పోతుందో తేల్చడం దాని పని. సంగీత శాఖలో కాస్త గొంతున్న అధ్యాపకుణ్ణి సింహద్వారం దగ్గర నిలబెట్టి "శిష్యా!" అని అరిపించారు. కమిటీ సభ్యులు గొడుగులేసుకుని చెవులు రిక్కించి రోడ్డు వెంట నడుచుకుంటూ పోయారు. మూడువందల మీటర్ల దాకా అందరికీ వినిపించింది. ఆ తర్వాత ఒక వెల్డింగు షాపు అడ్డొచ్చింది. అయితే పూర్వపు గురువుల గొంతు ఇప్పటి అధ్యాపకుల గొంతుకు మూడింతలు ఉండేదని చరిత్ర శాఖ రాతపూర్వకంగా ఇచ్చింది. మూడు మూళ్ళు తొమ్మిది, చిల్లర కలిపి కిలోమీటరు అని కమిటీ తీర్మానించింది.

"పిలుపు దూరం" పథకం అలా పుట్టింది. సర్క్యులర్ ఇలా ఉంది:

"పరిశోధక విద్యార్థులు యావన్మందియు సింహద్వారము నుండి ఒక కిలోమీటరు లోపల నివసించుచున్నట్లు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రము సమర్పించవలెను. గడువు ముప్పది దినములు. సమర్పింపనివారి నమోదు, తిరిగి పిలుచు అవకాశము లేకుండ, రద్దు కాబడును."

రత్నమాలది కదిరి వైపు ఒక మెట్ట పల్లె. వృక్షశాస్త్రంలో పరిశోధనకు చేరి నాలుగో ఏడు నడుస్తోంది. వేరుశనగ ఆకులకు మచ్చలు పడి, చెట్టు బోడిదైపోయే తెగులొకటి ఉంది. రైతులు దాన్ని తిక్క తెగులంటారు. ఆ తెగులు వాళ్ళ నాన్న చేనును వరసగా రెండేళ్ళు దువ్వెనతో దువ్వినట్టు ఖాళీ చేసింది. దాన్ని తట్టుకునే మొక్కను తయారుచెయ్యాలని ఆ పిల్ల పంతం. మూడు కాపుల గింజలు ఏరి ఏరి, నాలుగో కాపుకు క్యాంపస్ వెనక వల కట్టిన షెడ్డులో మూడు వందల కుండీల్లో వేసింది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నీళ్ళు పొయ్యాలి. ఈ కాపు చేతికొస్తే పరిశోధన పూర్తవుతుంది. నమోదు రద్దయితే షెడ్డు తాళంచెవి అప్పగించి ఇంటికి పోవాలి.

ఆమె ఉంటున్నది తుమ్మలగొందిలో. క్యాంపస్‌కు తొమ్మిది కిలోమీటర్లు. మద్దిలేటమ్మ అనే ఆవిడ మిద్దె మీద గది. అద్దె తక్కువ, గాలి ఎక్కువ. కానీ పిలుపు దూరం కాదు.

ఇక ఇల్లు వెతకడం మొదలుపెట్టింది.

క్యాంపస్ వెనక సైన్సు వీధి అని ఒకటుంది. అక్కడ మొదటి మూడంతస్తుల ఇల్లు పరంధామయ్యది. ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైనవాడు. చేతిలో కొలిచే టేపు లేనిదే వీధిలోకి రాడు.

"ఏం చదువుతాండావు మా?" అన్నాడు.

"తిక్క తెగులు మీద సార్."

పరంధామయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. "అంటుకుంటాదా?"

"శెనక్కాయ చెట్లకు వచ్చేది సార్. మనుషులకు రాదు."

"అట్లనా. అయితే రా, సింగిల్ బెడ్రూం చూపిస్తా."

ఆయన మెట్ల కింద ఒక చిన్న తలుపు తీశాడు. రత్నమాల వంగి చూసింది.

"ఇది మెట్ల కింద సందు గదా సార్?"

"సందంటే అందరూ నడిచేది. దీనికి తలుపుంది. ఆరడుగుల మూడంగుళాల పొడువు. కావాలంటే కొల్చుకో." టేపు చేతికిచ్చాడు.

"ఎత్తెంత సార్?"

"ఈ పక్క ఆరడుగులు. ఆ పక్క లేదు."

ఆయన చెప్పిన అద్దె ఆమెకొచ్చే ఫెలోషిప్పులో మూడింట రెండొంతులు. నీసు తింటే ఇంకొంత. గుడ్డు ఒక్కటే తింటే అందులో సగం.

పక్కింటావిడ ఒకే గదిని రెండు చీరలడ్డం కట్టి మూడు ఫ్లాట్లు చేసింది. నడిమి ఫ్లాటు ఖాళీగా ఉంది గానీ, మూడో ఫ్లాటు పిల్ల ఎప్పుడు బయటికి పోవాలన్నా నడిమి ఫ్లాటులో పడుకున్నవాళ్ళను దాటుకునే పోవాలి. దాని అవతలి ఇంట్లో మేడ మీది నీళ్ళ ట్యాంకును కడిగి, కిటికీ పెట్టి, "రౌండు విల్లా" అని బోర్డు కట్టారు. అది కూడా ఖాళీ లేదు. వచ్చే ఏడు ప్రవేశపరీక్ష రాయాలనుకుంటున్నవాడెవడో అడ్వాన్సు ఇచ్చి పోయాడట.

"పరీక్ష పాసు గాకపోతే?" అంది రత్నమాల.

"పాసైనా గాకపోయినా ఇల్లుంటే చాలు గద మా. ఇంట్లో కూర్చుని మళ్ళీ చదువుకుంటాడు" అన్నాడు ఇంటాయన.

పద్దెనిమిది రోజులు తిరిగింది. పంతొమ్మిదో రోజు నేరుగా విద్యార్థి నివాస సౌలభ్య విభాగానికి పోయింది. ఆ విభాగం పాత హాస్టలు భవనంలో ఉంది. నలభై గదులు. ఒక్కో గదికీ ఒక్కో బోర్డు: విచారణ, పునర్విచారణ, నమూనాలు, నమూనాలు నింపు విధానము. చివరి గదిలో డైరెక్టరు ఆచార్య విద్యాధరం గారు. తత్త్వశాస్త్రం చెప్పేవారు. మాట్లాడేటప్పుడు కళ్ళు మూసుకుంటారు, ఎదుటివాళ్ళు అడ్డురాకుండా.

"సార్, ఈ హాస్టలే మాకిచ్చుంటే ఈ తిప్పలుండవు గదా?" అంది రత్నమాల.

విద్యాధరం గారు జాలిగా నవ్వారు. "విద్యార్థులకు వసతి లేని సమస్య ఇంత తీవ్రంగా ఉన్నప్పుడు, దాన్ని పరిష్కరించే విభాగానికి నలభై గదులైనా లేకపోతే ఎలా అమ్మా?"

"కిలోమీటరు లోపల మేం కట్టగలిగే అద్దెకు ఒక్క ఇల్లు గూడా లేదు సార్."

"మేము సర్వే జరిపించాము. సదరు ఇళ్ళ సంఖ్య సున్నా అని తేలినది. సున్నా కూడా ఒక సంఖ్యే. ఆ మేరకు పురోగతి సాధించాము. మీ ప్రస్తుత నివాసము?"

"తుమ్మలగొంది సార్. మంచి గది. అద్దె తక్కువ. ఓనరమ్మ గూడా మంచిది. ఒకటే లోపం, మన గేటు ఆడ లేదు."

విసుగొచ్చి అన్న మాట అది. కానీ విద్యాధరం గారు కళ్ళు తెరిచారు. అది ఎన్నడూ జరగని పని.

"మళ్ళీ చెప్పండి."

"ఏం ల్యా సార్. ఊరికే అన్నా."

"ఊరికే కాదు. విశ్వవిద్యాలయమనగా నేమి? భవనాలా? అవి సిమెంటు. గ్రంథాలా? అవి కాగితం. మన సర్క్యులర్ భవనాల ఊసే ఎత్తలేదు. సింహద్వారము నుండి అన్నది. ఇళ్ళను ద్వారం దగ్గరకు తేలేము. అది ప్రకృతి విరుద్ధం. కానీ ద్వారం..." అని ఆగి, గాల్లోకి చెయ్యి చాపి, ఏదో బరువైనదాన్ని ఎత్తి పక్కన పెట్టినట్టు చూపించారు.

రత్నమాల నోరు తెరిచింది. మూయడానికి కొంచెం సేపు పట్టింది.

పదిరోజుల్లో పని అయిపోయింది. సింహద్వారాన్ని కమానుతో సహా, రెండు సిమెంటు సింహాలతో సహా ఊడబీకి, బ్యాండు మేళంతో తుమ్మలగొందికి తరలించారు. పాతచోట ద్వారం లేదు కాబట్టి దారి కూడా ఉండరాదని గోడ కట్టేశారు. పాత క్యాంపస్‌కు కాగితాల మీద "పూర్వ ప్రాంగణము" అని పేరు పెట్టారు. లోపల ప్రయోగశాలలు, గ్రంథాలయం, మూడు వందల కుండీలు ఉన్నాయి గనక, అధ్యాపకులూ విద్యార్థులూ క్యాంటీన్ వెనక గోడకు పడ్డ కంతలోంచి దూరి పోయి చదువు సాగించారు.

గేటును తెచ్చి సరిగ్గా మద్దిలేటమ్మ ఇంటెదురుగా, కళ్ళం దొడ్డిలో నాటారు. వెనక ఏమీ లేదు, కంది చేను తప్ప. మేకలు అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ తిరుగుతుంటే కాపలాదారు వాటిని గుర్తింపు కార్డు అడగలేక నమస్కారం పెట్టడం మొదలుపెట్టాడు.

మొట్టమొదటి ధ్రువపత్రం రత్నమాలకే ఇచ్చారు. "నివాసమునకు ద్వారమునకు మధ్య దూరము: పద్నాలుగు అడుగులు." దండ వేసి ఫొటో తీశారు. పొద్దున గేటు దగ్గర సంతకం పెట్టి, తొమ్మిది కిలోమీటర్లు బస్సులో పోయి, కంతలో దూరి కుండీలకు నీళ్ళు పోసి, సాయంత్రం మళ్ళీ వచ్చి గేటు దగ్గర సంతకం పెట్టేది. మునుపు చేసిన పనే. మధ్యలో సంతకాలు కలిశాయి, అంతే. గండం గడిచిందనుకుంది.

మూడోవారం మద్దిలేటమ్మ మిద్దెక్కి వచ్చింది. మంచం మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తల్లీ, నిన్ను నా బిడ్డ మాదిరి చూసుకున్న్యా గదా?"

"అవును పెద్దమ్మా."

"మా తమ్ముడు వచ్చి గోడ మీద ఏందో రాసిపోయినాడు. యూనివర్సిటీ వ్యూ అంట. అది రాసినప్పట్నుంచి దినామూ పదిమంది వచ్చి అడుగుతాండారు. నువ్విచ్చే దానికి నాలుగింతలు ఇస్తామంటాండారు." ఆమె నిజంగానే ఏడ్చింది. "నేను వద్దనే అంటాండా. కానీ నోరు యాడ అంటాది తల్లీ, చెవులు అట్ల వింటాంటే!"

ఊరంతా అదే వరస. మేకల్ని వసారాలోకి తోలి, మేకల కొట్టానికి సున్నం కొట్టి, డబుల్ బెడ్రూం అన్నారు. గడ్డివాము మీద కూడా ఎవరో "అద్దెకు ఇవ్వబడును, పై అంతస్తు" అని అట్ట గుచ్చారు.

ఈ సంగతి విన్న విద్యాధరం గారు కలత చెందలేదు. కమిటీ పిలిచి, కళ్ళు మూసుకుని విశ్లేషించారు. "ద్వారము పోయినచోటకు అద్దె వస్తున్నది. కానీ వెనువెంటనే రావడం లేదు, మూడు వారాలు పడుతున్నది. కావున మనము అద్దె కంటే వేగముగా కదలవలెను."

గేటును లారీ ఎక్కించారు.

పద్నాలుగు చక్రాల పొడవాటి లారీ. దాని బల్ల మీద ముందు రెండు సింహాలు, నడుమ కమాను, ఇనప తలుపులు, తలుపుల వెనక ఎనిమిదడుగుల జాగా. ఆ జాగాయే ఇక విశ్వవిద్యాలయ ప్రాంగణం. లారీ డ్రైవరు బాబావలికి "ద్వార సంచాలకుడు" అని హోదా ఇచ్చారు. ఆయన ఖాకీ చొక్కా వేసుకుని, కమాను కరెంటు తీగలకు తగలకుండా ఒక పొడవాటి వెదురుకర్ర పెట్టుకుని ఊళ్ళు తిరిగాడు. ఒక్కో ఊళ్ళో మూడు రోజులు మించి ఆగకూడదని ఉత్తర్వు. రేపు గేటు ఏ ఊళ్ళో ఉంటుందో నోటీసు బోర్డులో పెట్టేవారు. నోటీసు బోర్డు గేటుకే ఉంది. కాబట్టి గేటు ఎక్కడుందో తెలియాలంటే ముందు గేటు దగ్గరికి పోవాలి.

చుట్టుపక్కల ఊళ్ళన్నీ అట్టుడికిపోయాయి. ఒక ఊరివాళ్ళు గేటుకు టెంకాయ కొట్టి, ఇంకొక్క దినం ఉండి పొమ్మని చక్రాల ముందు పడుకున్నారు. ఇంకో ఊళ్ళో, గేటొస్తే టీచర్లకూ నర్సమ్మకూ అద్దెకు ఇల్లు దొరకదని పొలిమేరలో కంపలు అడ్డం వేశారు. ప్లాట్లు వేసి అమ్మేవాళ్ళు బాబావలిని బతిమాలి, తమ వెంచరు ముందు లారీ పంక్చరయ్యేట్టు ఏర్పాటు చేసుకున్నారు. ఒక నెలలో పద్నాలుగు చక్రాలకు ముప్పై పంక్చర్లు పడ్డాయి.

రత్నమాల కూడా మిగతా పరిశోధకులతో పాటు పరుపు చుట్ట భుజాన వేసుకుని లారీ వెనక తిరిగింది. మూడు రోజులు ఒక బడి వరండాలో, మూడు రోజులు చింతపండు గిడ్డంగిలో, మూడు రోజులు ఎవరిదో ట్రాక్టరు కింద. ధ్రువపత్రాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. కానీ గేటు నలభై కిలోమీటర్లు పోయాక పొద్దున క్యాంపస్‌కు చేరడం కుదరలేదు. అరవై కిలోమీటర్లు పోయాక సాయంత్రమూ కుదరలేదు.

ఒక సోమవారం ఎలాగో బస్సులు మారి వచ్చి, కంతలో దూరి, షెడ్డు తలుపు తీసింది. వంద కుండీలు తల వాల్చేశాయి. కొన్నిట్లో మట్టి బీటలు వారింది. ఆమె ముందు కొళాయి తిప్పి బక్కెట్లతో నీళ్ళు మోసింది. చివరి కుండీకి పోశాక నేల మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక పరుపు చుట్ట వైపు చూసి, "ఇంగ చాలు. ఈ లారీ వెంట నేను పోను" అని మూడు వందల కుండీలకూ వినబడేట్టు చెప్పింది.

సైన్సు వీధిలోకి పోయింది. వీధి గుర్తుపట్టేలా లేదు. ప్రతి ఇంటికీ "టు లెట్" బోర్డు వేలాడుతోంది. చీరల అడ్డాలు పోయాయి. రౌండు విల్లాలో మళ్ళీ నీళ్ళు నింపారు. పరంధామయ్య అరుగు మీద కూర్చుని, కొలవడానికేమీ లేక టేపును లాగుతూ వదులుతూ ఉన్నాడు. ఆమెను చూసి గభాలున లేచాడు.

"రా మా, రా! ఇల్లు కావాల్నా?"

"మెట్ల కింద గది ఖాళీగా ఉందా సార్?"

"దాన్నెందుకడుగుతావు, చీపురు పెట్టుకునేది! పైన రెండు గదులు, వంటిల్లు, వరండా. నీకు తోచింది ఇయ్యి."

"అంత తక్కువకా?"

"ఏం జేసేది మా. యూనివర్సిటీ ఎల్లిపాయె." ఆయన వెనక విశ్వవిద్యాలయ గ్రంథాలయం నాలుగంతస్తులు లేచి ఉంది. "ఇప్పుడు ఈడ్నుంచి అరవై కిలోమీటర్ల పైనే. ఇంత దూరం ఎవరొస్తారు?"

"నీసు తింటా సార్."

"నాగ్గూడా కొంచెం పెట్టు" అన్నాడు పరంధామయ్య.

ఆ తర్వాతి మూడు వారాలు రత్నమాల జీవితంలోకెల్లా మంచివి. కిటికీ తెరిస్తే షెడ్డు కనిపించేది. తెల్లారేసరికి కంతలో దూరి నీళ్ళు పోసేది. వాలిన మొక్కల్లో తొంభై లేచి నిలబడ్డాయి. ఆకుల మీద మచ్చలు లెక్కపెట్టి రాసుకుంటూ, కొత్త పొయ్యి మీద అన్నం వండుకుంటూ, ఎవరూ పిలవకుండా, ఎవరికీ పలకకుండా గడిపింది.

నాలుగో వారం నోటీసొచ్చింది.

"మీరు పూర్వ ప్రాంగణమునకు అతి సమీపమున, అనగా విశ్వవిద్యాలయమునకు అరువది యెనిమిది కిలోమీటర్ల దూరమున, అనధికారముగా నివసించుచున్నట్లు తెలియవచ్చినది. డైరెక్టరు వారు స్వయముగ తనిఖీ జరిపిన పిమ్మట మీ నమోదు రద్దు కాబడును."

ఆ కాగితం పట్టుకుని ఆమె మెట్లు దిగుతుంటే కింద వాకిట్లో బేరం నడుస్తోంది. గొంతు ఎక్కడో విన్నట్టుంది.

"విశ్వవిద్యాలయానికి బాగా దూరంగా ఉండాలండీ. అదొక్కటే నా షరతు."

"మాది చానా దూరం సార్" అంటున్నాడు పరంధామయ్య గర్వంగా. "మీరెంత అరిచినా వినపడదు."

"హమ్మయ్య!"

విద్యాధరం గారు! మనిషి సగమయ్యారు. ముఖం ఎండకు కమిలి, నడుముకు బెల్టు కట్టుకుని ఉన్నారు. డైరెక్టరు కూడా పిలుపు దూరంలోనే ఉండాలని ఆయన రాసిన నిబంధన ప్రకారం రెండు నెలలు లారీ ముందు సీట్లో కాపురం చేశారు. ఏ ఊళ్ళో దిగినా అర్జీలు, చక్రాల ముందు మనుషులు, మేకలు. ఆఖరికి అనారోగ్య కారణాల మీద రహస్యంగా ఇల్లు వెతుక్కుంటున్నారు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుని అన్నారు. "మీరు ఇక్కడ ఉన్నట్టు నాకు అధికారికంగా తెలియదు."

"మీరు ఈడ ఉన్నట్టు నాకు గూడా తెలియదు సార్."

"సంతోషము."

ఆయన కింది వాటాలో దిగారు. కానీ తనిఖీ తప్పదు. నోటీసు మీద ఆయన సంతకమే ఉంది. పైగా తనిఖీ ప్రయాణం సింహద్వారం నుంచే మొదలు కావాలని నిబంధన. అంచేత మర్నాడు పొద్దున్నే జీపు ఎక్కి అరవై ఎనిమిది కిలోమీటర్లు పోయారు. అక్కడ లారీ పక్కన జీపు తిప్పుకుని, మళ్ళీ అరవై ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి వచ్చి, ఎండలో చెమటలు కక్కుతూ తన వాకిట్లోనే దిగి, తన గుమ్మం దాటి, మెట్లెక్కి రత్నమాల తలుపు తట్టారు.

"చాలా మారుమూల ప్రాంతం" అన్నారు రొప్పుతూ.

ఆమె చల్లటి మజ్జిగ ఇచ్చింది. ఆయన నమూనా కాగితం తీశారు. ద్వారం నుంచి దూరం అన్న గడి దగ్గర కలం ఆగింది.

"సార్, రాసే ముందు ఒకసారి నాతో రాండి" అంది రత్నమాల.

ఇద్దరూ కంతలో దూరారు. నడుం బెల్టు ఇటుకకు తగులుకుంటే ఆమె లాగింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన ఆ షెడ్డు చూడలేదు. రత్నమాల ఒక వరస కుండీల ముందు నిలబెట్టింది. మామూలు రకం చెట్లు మచ్చలు పడి, ఆకు రాలి, పుల్లల్లా ఉన్నాయి. పక్క వరస పచ్చగా ఉంది.

"ఈ వరస నాది సార్. మా నాయన చేన్లో ఇట్లాంటిది ఒక్క చెట్టు ఉన్న్యా నేను ఈ చదువుకు వచ్చేదాన్ని గాదు. ఇంకో నలభై దినాలు నీళ్ళు పోస్తే కాయలు పెరకొచ్చు. నన్ను రద్దు జేస్తే ఇవి పోతాయి. దూరం ఎంతని రాసుకుంటారో రాసుకోండి."

విద్యాధరం గారు చాలాసేపు కళ్ళు మూయలేదు. తర్వాత బక్కెట్లోంచి చెంబు తీసుకుని, ఒక కుండీకి జాగ్రత్తగా నీళ్ళు పోశారు.

"ఈ విషయం నమూనాలో లేదమ్మా. దూరం ఒక్కటే ఉంది."

బయటికొచ్చేసరికి వీధి చివర పెద్ద హారన్ మోగింది. పెట్రోలు బంకులోకి పద్నాలుగు చక్రాల లారీ తిరుగుతోంది. బాబావలి ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఇంకో చేత్తో కమానుకు తగలకుండా కొమ్మల్ని వెదురుకర్రతో ఎత్తి పడుతున్నాడు.

"గేటు ఈడికెందుకొచ్చింది?" అంది రత్నమాల.

బాబావలి కిందికి దిగి వచ్చాడు. "డీజిలుకు మేడమ్. ఈ వారం నుంచి యూనివర్సిటీ చీటీ ఈ ఒక్క బంకులోనే చెల్లుతాదంట. ఇంగ ప్రతి మంగళారం యాడున్నా ఈడికి రావాల్సిందే. రాను పోను సగం ట్యాంకు అయిపోతాది, అది వేరే సంగతి."

రత్నమాల డైరెక్టరు వైపు చూసింది. ఆయన లారీ వైపు చూశారు, తర్వాత చేతిలో కాగితం వైపు చూశారు.

"తనిఖీ సమయమున దూరము అని ఉన్నది" అన్నారు మెల్లగా. "తనిఖీ ఇంకా ముగియలేదు కదా?"

"లేదు సార్!"

పరంధామయ్య టేపు తీసుకుని ఇంటి గడప నుంచి పరుగెత్తుకొచ్చాడు. రోడ్డు మీద నేలకు వంగి కొలుస్తూ, సైకిళ్ళను ఆపుతూ, బంకు దాకా పోయి కేకేశాడు. "నాలుగు వందల పన్నెండు మీటర్లు! రెండంగుళాలు తక్కువ!"

ఆ అంకె గడిలోకి ఎక్కింది. కింద సంతకం పడింది. బాబావలి ద్వార సంచాలకుడి ముద్ర వేశాడు.

ఈ సంగతి దాగుతుందా? తర్వాతి మంగళవారానికి ట్రాక్టర్ల కిందా గిడ్డంగుల్లోనూ ఉన్న పరిశోధకులంతా పరుపులతో సైన్సు వీధికి వచ్చేశారు. బంకు దగ్గర వరసలో నిలబడి ధ్రువపత్రాలు రాయించుకున్నారు. పిలుపు దూరం పథకం నూటికి నూరు శాతం విజయవంతమైందని వార్షిక నివేదికలో వేశారు. మిగతా ఇళ్ళ ఓనర్ల చెవిన పడకుండా మాత్రం, పరంధామయ్యతో సహా, అందరూ జాగ్రత్తపడ్డారు. గ్రంథాలయం ఏమిటని ఎవరైనా అడిగితే పాత శెనక్కాయల గోడౌను అని చెప్పేవాళ్ళు.

నలభై రోజుల తర్వాత రత్నమాల కాయలు పెరికింది. మరో ఆరు నెలలకు థీసిస్ ఇచ్చింది. చివరి మౌఖిక పరీక్ష విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే జరగాలి కాబట్టి ఒక మంగళవారం ఉదయం బంకులో, లారీ బల్ల మీద, గేటు వెనక ఎనిమిదడుగుల జాగాలో మూడు కుర్చీలు వేశారు. వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు నిచ్చెనెక్కి, సింహాన్ని పట్టుకుని నిలదొక్కుకుని కూర్చున్నాడు. ట్యాంకు నిండేలోపు పరీక్ష ముగించాలని విద్యాధరం గారు ఆయన చెవిలో వేశారు.

"మీ మొక్కకు మచ్చలు పడవంటారా?" అన్నాడు పరీక్షకుడు, డీజిలు మీటరు వైపు ఒక కన్నేసి.

"పడతాయి సార్. ఎందుకు పడవు? కానీ ఆకు రాలదు. మచ్చలతోనే పట్టుకొని ఉంటాది, కాయ ముదిరేదాకా."

పరీక్షకుడు థీసిస్ పేజీలు తిప్పాడు. మచ్చల లెక్కలు, మూడు వందల కుండీలవీ, రోజువారీగా ఉన్నాయి. ముఖం వెలిగింది. ఇంకో ప్రశ్న అడగబోయాడు.

"ట్యాంకు నిండింది!" అని బాబావలి కేకేశాడు.

"డాక్టరు రత్నమాల, అభినందనలు!" అన్నారు విద్యాధరం గారు గుక్క తిప్పుకోకుండా. పరీక్షకుడు గబగబా సంతకం చేశాడు. రత్నమాల ఇద్దరికీ దండం పెట్టి, చెప్పులు చేత పట్టుకుని బల్ల మీంచి దూకింది. విద్యాధరం గారు నడుం పట్టుకుని నిచ్చెన మీద సగం దిగారు, మిగతా సగం పరంధామయ్య దింపాడు. పరీక్షకుడు దిగడానికి లేచేసరికి లారీ కదిలిపోయింది.

"ఎక్కడికి తీసుకుపోతున్నారయ్యా నన్ను?" అని ఆయన ఇనప కమ్మీల వెనకనుంచి అరిచాడు.

"నోటీసు బోర్డులో ఉంది చూడండి సార్, మీ ఎనకాలే!" అని బాబావలి ముందు సీట్లోంచి జవాబిచ్చాడు.

కమాను రోడ్డు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా రత్నమాల చూసింది. తర్వాత చెప్పులేసుకుని ఇంటికి నడిచింది. అయిదు నిమిషాలు పట్టింది.